సగం విన్న మాట

తెల్లవారుజామున మెలకువ వచ్చి, లేవడానికి ఇంకా వేళ కాక కళ్లు మూసుకుని పడుకున్నప్పుడు తెలుస్తుంది, మనసు ఒక్క నిమిషం కూడా ఊరుకోదని. నిన్న ఎవరో అన్న మాటకు ఇప్పుడు జవాబు వెతుకుతుంది. రేపు జరగబోయేదాన్ని ముందే జరిపించి చూసుకుంటుంది. అవతలివాళ్లు అనబోయే మాటలు కూడా తానే అనేసి, తానే నొచ్చుకుంటుంది. వీధిలో పాలవాడి కేక వినిపించేసరికి ఒక చిన్న నాటకం మొత్తం ఆడేసి ఉంటుంది.

కథలు రాసేవాళ్లను అందరూ ఏదో ఒకనాడు అడిగే ప్రశ్న, ఇన్ని కథలు ఎక్కడ దొరుకుతాయి అని. ఈ వేళప్పుడు ఆ ప్రశ్న నాకు కొంచెం వేరుగా తోస్తుంది. ఊహ అందరికీ ఉన్నదే. ఒక్క వాక్యమైనా రాయని మనిషిలోనూ అది రాత్రీ పగలూ పని చేస్తూనే ఉంటుంది. మరి కథకులు దానికి ఏ పని అప్పజెబుతారు? దాన్ని ఎటు తిప్పుతారు?

పాలగుమ్మి పద్మరాజు గారి ‘పడవ ప్రయాణం’ గుర్తొస్తోంది. రాత్రిపూట కాలవలో సాగే పడవ. కథ చెప్పే మనిషి ఆ పడవలో ఒక ప్రయాణికుడు. అతను చేసే పని దాదాపు ఏమీ లేదు. చూస్తాడు, వింటాడు. రంగి, పద్దాలు అనే ఇద్దరి బతుకు, వాళ్ల దొంగతనం, పద్దాలు మీద రంగికున్న కోపం, ఆ కోపం అడుగున ఎంతకీ తెగని బంధం ఆ ప్రయాణికుడి ముందు నెమ్మదిగా విచ్చుకుంటాయి. వాళ్లను మంచివాళ్లు అనడానికీ చెడ్డవాళ్లు అనడానికీ అతను తొందరపడడు. ఆ తొందర లేకపోవడం వల్లనే ఆ కథ అతనికి దొరికిందా అని నా అనుమానం.

పద్మరాజు గారు కాలేజీలో రసాయనశాస్త్రం పాఠాలు చెప్పారు. ఆయన ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అందులో రావుగారు జీవితానికి కావలసిన నియమాలన్నీ ముందే ఏర్పరచుకున్న పెద్దమనిషి. రైల్లో ఎదురైన ముష్టిమనిషిని ఆయన మరోరోజైతే మరిచిపోయేవారు. గాలివాన రాత్రి ఆయన్ను ఆమెకు దగ్గర చేసింది. తాను చూపు తిప్పుకున్న మనిషి వైపు మళ్లీ చూడవలసి రావడం కూడా కథ పుట్టే చోట్లలో ఒకటేమో.

ఆ రోజుల కథకుల్లో చాలామంది ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ రాసినవాళ్లే. రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) గారు విశాఖపట్నంలో వకీలు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసులు ఎందరో వకీళ్ల చేతుల మీదుగా నడిచి ఉంటాయి. ఆ వరండాలు, ఆ బల్లలు, వాయిదా కోసం పొద్దుటినుంచి గోడకు ఆనుకుని నిలబడిన మనుషులు అందరికీ కనిపించినవే. శిక్ష పడినా, కొట్టేసినా కేసు ఆ పూటతో ముగుస్తుంది. రావిశాస్త్రి గారికి మాత్రం ఆ మనుషులు అక్కడితో ముగిసిపోలేదు. ‘ఆరు సారా కథలు’ చదువుతుంటే, తీర్పు వెలువడ్డాక కూడా ఆయన వాళ్ల వెనకాలే కొంతదూరం నడిచి వెళ్లారనిపిస్తుంది.

చాసో కథ ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో జరిగేది ఎంత చిన్నది! బడి మాన్పించిన పిల్లవాణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. ఆ దారిలో బడి ఉంది. స్నేహితులు పుస్తకాలతో లోపలికి వెళుతుంటే వీడు బయట నిలబడాలి. ఇలాంటి పిల్లవాణ్ణి చూడని ఊరు ఉండదు. చాసో ఉన్న విజయనగరం వీధుల్లోనూ ఎందరో చూసే ఉంటారు. పాపం అనుకుని ముందుకు సాగిపోయేవాళ్లకూ అక్కడే ఆగినవారికీ తేడా ఎక్కడ వచ్చింది? జాలి ఇద్దరిలోనూ ఉండవచ్చు. పాపం అన్నాక ఇంక అడగడానికి ఏమీ మిగలదు. ఆగిన మనిషికి మాత్రం ఎన్నో సందేహాలు. ఈ పూట వాడు తండ్రి ముఖంలోకి ఎలా చూస్తాడు? పాత పుస్తకాలు ఇంట్లో ఎక్కడ పెట్టుకున్నాడు?

ఒకసారి బస్సులో నా ముందు సీటులో కూర్చున్న ఒకావిడ ఫోనులో మాట్లాడుతోంది. అవతలి గొంతు నాకు వినిపించదు. ‘అన్నీ ఇచ్చెయ్. ఆ ఇత్తడి బిందె మాత్రం ఇయ్యకు. అడిగితే నా దగ్గరుందని చెప్పు,’ అంది. ఫోను సంచిలో పెట్టుకుని, తరవాతి స్టాపులో దిగి వెళ్లిపోయింది.

ఆ బిందె ఎవరిది? తల్లి పోయాక సామాను పంచుకుంటున్నారా? అంచు మీద పేరు కొట్టించి ఉందా? ఆ పేరు ఎవరిది? వాడకంలో అడుగు సొట్టలు పడి ఉంటుందా, లేక చింతపండుతో తోమి తోమి అటక మీద దాచిందా? ఆడపడుచుకు ఇస్తానని ఎప్పుడో మాట ఇచ్చి ఇప్పుడు మనసొప్పలేదా? అబద్ధం చెప్పమన్నప్పుడు ఆవిడ గొంతు తగ్గలేదు. ఆ బిందె అసలు తనదే అయి ఉండాలని, అంచేత అది అబద్ధమే కాదని ఆవిడ నమ్మకం కాబోలు.

నా స్టాపు వచ్చేదాకా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. పాత పట్టింపులు గానీ, ఇంటి దగ్గర కాచుకుని ఉన్న పనులు గానీ అంతసేపూ గుర్తు రాలేదు. విషయం మొత్తం విని ఉంటే ఇంతసేపు ఉండేవాణ్ణా? బహుశా ఉండేవాణ్ణి కాదు. అయ్యో అనో, ఔరా అనో అనుకుని కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. సగమే వినడం వల్ల నాకు లోపల కూర్చోవడానికి చోటు దొరికింది.

దిగులు కూడా కల్పనే కదా అని అప్పుడప్పుడు అనుకుంటాను. పిల్లలు ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే మనసు ఎన్ని ప్రమాదాలు అల్లుతుందో! ఎవరో పలకరించకుండా వెళ్లిపోతే దానికి ఎన్ని కారణాలు కడుతుందో! ఆ కథలన్నిటి నడుమా ఉండేది నేనే. నాకేమవుతుంది, నన్నేమనుకున్నారు, నాకెందుకిలా. ఇంకొకరి బతుకు తగలకపోతే ఊహ తన ఇంటినే తవ్వుకుంటూ కూర్చుంటుంది. కథకులు చేసేదల్లా దానికి మరో ఇంటి గుమ్మం చూపించడమేనా?

అలాగని రాసేవాళ్లంతా నిశ్చింతగా బతికారని చెప్పలేను. ఇతరుల బాధను అంత దగ్గరగా చూసిన మనిషికి నిద్ర పట్టని రాత్రులు ఎక్కువే ఉండి ఉంటాయి. కానీ ఆ మెలకువ వేరేమో. తన కోసం తాను పడే దిగులు మనిషిని ఇరుకు చేస్తుంది. ఇంకొకరి కోసం మేలుకున్న రాత్రి కూడా బరువే. ఆ బరువు మోస్తున్నప్పుడు లోపల కాస్త చోటు పెరుగుతుందని నాకు అనిపిస్తుంది. నిజమో కాదో తెలియదు.

ఇంకో సందేహమూ ఉంది. ఆ బస్సులో ఆవిడ తన మాటను నాకు ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. బడి బయట నిలబడ్డ పిల్లవాడు కథ కమ్మని ఎవర్నీ అడగలేదు. తీసుకున్నదాన్ని ఎంత జాగ్రత్తగా పట్టుకుంటే అది దొంగతనం కాకుండా ఉంటుంది? సందు చివర నలుగురు చేరి చెప్పుకునే కబుర్లలోనూ ఊహ పని చేస్తుంది. అక్కడ మనిషిని ఒక్క మాటలో తేల్చేసి లేస్తారు. మంచి కథ చదివి లేచినప్పుడు ఆ మనిషి గురించి ముందుకన్నా తక్కువ తెలిసినట్టు ఉంటుంది. ఆ తెలియనితనమే ఎదుటి మనిషికి మనం ఇచ్చే మర్యాదేమో.

కాళీపట్నం రామారావు గారు విశాఖపట్నంలో బడిపిల్లలకు పాఠాలు చెప్పిన మాస్టారు. ఆయన కథ ‘యజ్ఞం’ 1966లో ‘యువ’ పత్రికలో వచ్చింది. ఆయన రాసినవి ఎక్కువేమీ కాదు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పి, తెలుగులో వచ్చిన కథలన్నీ ఒక్కచోట చేర్చాలన్న పనిలో పడ్డారు. పాత పత్రికలు, సంపుటాలు, పేరు మరుగున పడిన రచయితలు. తన కథలు రాయడం తగ్గాక ఒక కథకుడి ఊహ దేనితో తీరిక లేకుండా ఉంటుందని అడిగితే, ఆ అల్మరాలు ఒక జవాబు కావచ్చు. ఇంకొకరు చూసింది పోకుండా దాచడం కూడా చూడటంలో భాగమే అని ఆయన అనుకున్నారో లేదో. ఆ పుస్తకాల మధ్య ఆయన్ను తలుచుకుంటే, తనదంటూ ఇంకేదీ చేర్చాలనుకోని మనిషి తృప్తి ఎలా ఉంటుందో కొంచెం అందుతుంది.

ఇదంతా రాసేవాళ్లకే దక్కిన భాగ్యమా అంటే తేల్చుకోలేకపోతున్నాను. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఊరికే అనే మాట ఒకటుంది. ఎవరో ఊరు వెళితే, ఈపాటికి చేరాడో లేదో, తిన్నాడో లేదో అంటారు. అలా అంటూనే ఆ బస్టాండునూ, ఆ ఆకలినీ, ముందు ఎవరూ పెట్టని ఆ పళ్లేన్నీ మనసులో చూసేస్తారు. జవాబు రాదని తెలుసు, అయినా అనుకుంటారు. కథకులకూ వాళ్లకూ నడుమ ఉన్న దూరం మనం అనుకున్నంత ఉండకపోవచ్చు. ఒకరు దాన్ని కాగితం మీద పెడతారు, ఇంకొకరు రాత్రి ఫోను చేసి కనుక్కుంటారు. నా ఊహ రోజులో ఎంతసేపు నా చుట్టూ తిరుగుతోందో, ఎంతసేపు ఇంకొకరు తిన్నారో లేదో అని అడుగుతోందో లెక్క చూసుకుంటే, రెండో వైపు ఇంకా చాలా తక్కువగానే ఉంది. అది కాస్త పెరిగితే, కథ రాసినా రాయకపోయినా, బతుకు ఇప్పటికన్నా బాగుంటుందనే నా ఆశ.