విత్తనానికి ఉంచిన గడ్డ

ధనుర్మాసం వచ్చిందంటే మా సోనారిలో తెల్లవారుజామున దోముహాని వైపు నుంచి మంచు కమ్ముకొస్తుంది. సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే చోటది. ఆ చలికే మా పెరట్లో శల్గమ్ గడ్డలు ఊరతాయి. టర్నిప్ అన్నా అదే. దసరా వెళ్లగానే చల్లితే రెండు నెలల్లోపే మట్టిని నెట్టుకుని ఎర్రగా పైకి తేలతాయి. ఆ గింజలు పక్కింటి పంజాబీ బీబీజీ ఇచ్చారు. వాళ్ల అత్తగారి కాలం నుంచి ఏటా దాచుకుంటూ వస్తున్నవట. ఇస్తూ ఒక్క మాట చెప్పారు: “అన్నిటికన్నా మంచి గడ్డలు మాత్రం తినకు బిడ్డా, విత్తనానికి ఉంచు.”

మొదటి ఏడు ఆ మాట వినలేదు. నున్నగా, గుండ్రంగా ఉన్నవన్నీ కూరకు పీకేశాను. చీలినవి, పురుగు కొరికినవి మిగిలి పూతకొచ్చాయి. ఆ గింజే మరుసటేడు చల్లితే సగానికి సగం గడ్డలు బొటనవేలి లావు కూడా దాటలేదు. వాటిని చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు దేవుడి గది గుర్తొచ్చి సిగ్గేసింది. రోజులో మంచి పొద్దంతా నా పనులకు వాడుకుని, మిగిలిన అలసట, ఆవలింత తీసుకెళ్లి ఆయన ముందు పెడుతున్నాను. అక్కడా ఇదే పని చేస్తున్నాను కదా!

ఇప్పుడు గడ్డలన్నీ పీకి వరసగా పేర్చి చూస్తాను. మేలైనవి ఆరేడు ఏరి, బెత్తెడు కాడలు ఉంచి ఆకులు కోసి, మళ్లీ మట్టిలో పాతేస్తాను. ఒక్కటి పాతితే చాలదు. శల్గమ్ సాధారణంగా తన పుప్పొడితో తాను గింజ కట్టదు, తోటి మొక్క పుప్పొడి కావాలి. అలాగని ఏ పుప్పొడి పడితే అది పనికిరాదు. ఇక్కడి చేలల్లో వేసే తోరియా అనే నూనెగింజల పంట దీని జాతిదే. తేనెటీగ దాని మీద వాలి వచ్చి దీని మీద వాలిందంటే, ఆ గింజకు గడ్డ సరిగ్గా ఊరదు. అందుకని పూత రాకముందే పాత దోమతెర కట్టి, పొద్దున్నే ఈ మొక్క పువ్వును ఆ మొక్క పువ్వుకు తాకిస్తాను. ఫిబ్రవరిలో నా జపం చాలావరకు ఆ తెర లోపలే సాగుతుంది.

శల్గమ్ నైవేద్యానికి పనికిరాదని ఒక పెద్దాయన అన్నారు. మనుస్మృతి వద్దన్న వాటిలో వెల్లుల్లి, ఉల్లితో పాటు గృంజనం ఉంది. దానికి కొందరు శల్గమ్ అనీ, కొందరు ఎర్ర వెల్లుల్లి అనీ అర్థం చెప్పారు. ఆయన నిష్ఠ మీద నాకు గౌరవం ఉంది. కానీ కార్తీక షష్ఠినాడు ఛఠ్ వ్రతం పట్టినవాళ్లు దోముహాని నీళ్లలో నిలబడి, చేటలో ఆకులతో సహా ముల్లంగి, పచ్చి పసుపు, అల్లం పెట్టి సూర్యుడికి అర్ఘ్యమిస్తారు. 13వ శతాబ్దంలో పండరిపురం దాపున అరణ్ గ్రామపు తోటమాలి సావతా మాలీ తన మళ్లలోని ఉల్లిలో, ముల్లంగిలోనే విఠలుణ్ని చూసుకున్నాడు. మట్టిలో ఊరిందని ఆ స్వామి దూరం పెట్టలేదు. నేనూ పెట్టను.

మా ఇంట్లో శల్గమ్‌తో ఆవపెట్టిన కూర చేస్తాం, అమ్మ పనసపొట్టుకు పెట్టినట్టే. చెక్కు తీసిన ముక్కల్ని పసుపు, ఉప్పుతో ఉడికించి వార్చి, పోపులో చింతపండు గుజ్జుతో మగ్గనిస్తాం. నూరిన ఆవ మాత్రం దించి, ఆవిరి తగ్గాకే కలపాలి. పొయ్యి మీద కలిపితే ఘాటు పోతుంది. మనం పోపులో వేసే ఆవ పుట్టిందే శల్గమ్ జాతి, నల్ల ఆవ జాతి కలిసి అని 1935లో నాగహారు ఊ అనే శాస్త్రవేత్త తేల్చారు. శల్గమ్ చుట్టాన్నే తెచ్చి కూరలో కలుపుతున్నామన్నమాట! ఆ కూరను తులసిదళంతో స్వామి ముందు పెట్టినప్పుడు నాకు ఏ సందేహమూ రాదు.

శ్రీరామనవమి దగ్గరపడేసరికి కాయలు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. పోయినేడు ఒక మొక్కను వేరుతో సహా పీకి చూశాను. పాతిన రోజున అంత ముచ్చటగా ఉన్న గడ్డ ఒట్టి పీచైపోయింది. నొక్కితే లోపల డొల్ల. ఉన్నదంతా పైకి పంపేసింది. కాయ చిదిపితే అరచేతిలో గింజలు రాలాయి, ఆవగింజల్లాగే, కాస్త ఎరుపు.

ఆ ఏడు మోకాళ్ల నొప్పులతో బీబీజీ పెరట్లోకే దిగలేదు, ఆవిడ దగ్గర గింజ లేకుండా పోయింది. చిటికెడు గింజలు కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్లాను. రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుని, “మంచివే ఉంచావు కదా?” అని అడిగారు.