వేగము – తొందర

“నిదానమే ప్రధానము” అనియు, “ఆలస్యం అమృతం విషం” అనియు మన పెద్దలు రెండు మాటలును జెప్పిరి. ఇందు దేనిని బాటింపవలెను? ఈ సందేహమునకు ఆంగ్లపదములు కొన్ని మాకు దారి చూపినవి.

ఆంగ్లమున వేగమును దెలుపు మాటలన్నియు నొక్కటి కావు. ‘క్విక్’ అనగా పూర్వము ప్రాణము గలది. ‘ఫాస్ట్’ అనగా దృఢమైనది. నియమమును గట్టిగా బట్టుట గావున ఉపవాసమునకును ఆ పేరే కలిగినది. ‘స్పీడ్’ అనగా కార్యసాఫల్యము. ‘హేస్ట్’ మాత్రము బలాత్కారభావము గల మూలమునుండి పుట్టినది. మన ‘తొందర’యు నట్టిదే, కన్నడమున దాని తోబుట్టువైన ‘తొందరె’కు ఇబ్బంది యని యర్థము.

కర్నూలు నానుకొనియున్న కల్లూరు ప్రాంతమువారికి ఈ భేదమును నిఘంటువు చూపి చెప్ప నక్కఱలేదు. వేసవిలో సన్నగిల్లు హంద్రియు, తుంగభద్రయు 2009 అక్టోబరు మొదట పొంగి కర్నూలును ముంచెత్తినవి. అట్టి వేళ నిదానమని కూర్చుండుట వివేకము గాదు, నిర్దయ. ముసలివారిని మేడమీదికి జేర్చు చేతికి వేగము కావలెను. అది ప్రాణము గల వేగము, పట్టు విడువని వేగము. ఆ మెట్లమీదనే తాను ముందెక్కవలెనని పసివానిని త్రోయువాని దానిని గూడ వేగమే యందుమా? కాదు, అది తొందర. కాళ్ల వడి యిరువురికి నొక్కటే. ఒకడు పరుల యాపదను జూచును, ఒకడు తన్నే చూచుకొనును.

కావున చదువరులారా, ఎంత వడిగా బోవుచున్నామని గాక, ఎవరికొఱకు బోవుచున్నామని మనలను మనమే ప్రశ్నించుకొందము. పరుల యక్కఱయందు ఆలస్యము విషము. మన లాభమునందు నిదానమే ప్రధానము.