వారాలబ్బాయి హక్కు

‘వారాలబ్బాయి’ అన్న మాట ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్తే తప్ప అర్థం కాదు. చదువుకోసం పల్లె నుంచి పట్నం వచ్చిన పేద పిల్లవాడు ఏడు రోజులకు ఏడు ఇళ్లు మాట్లాడుకొని, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోంచేస్తూ చదువు గట్టెక్కించేవాడు. గత తరాలవాళ్ల ఆత్మకథలు నాలుగు తిరగేస్తే ఒకదాంట్లోనైనా ఈ వారాల ప్రస్తావన తగులుతుంది. ఆకలి, అవమానం, ఒక్కోసారి ఒక ఇల్లాలి దయ, ఇవన్నీ ఆ జ్ఞాపకాల్లో ఉంటాయి. నన్ను మాత్రం అందులో ఆకట్టుకునేది ఆ ఏర్పాటులోని క్యాలెండరు. బుధవారం ఆ ఇంట్లో ఆ పిల్లవాడికి అన్నం ఉందంటే ఉన్నట్టే. ఆ రోజు ఇంటాయనకు దయ కలిగిందా, మనసు బాగుందా, ఎవరైనా చూస్తున్నారా అన్న ప్రశ్నలకు అక్కడ చోటు లేదు. దయ ఒక్కసారి, మాట ఇచ్చిన రోజున కలిగితే చాలు. ఆ తర్వాత అది ఇంటి పద్ధతిలో కలిసిపోతుంది.

మా తరం ఉద్యోగస్తులం పేదపిల్లలకు కుటుంబ సమేతంగా చేసే సాయం ఎక్కువగా ఇంకో రకంగా ఉంటుంది. పాపదో బాబుదో పుట్టినరోజు వస్తుంది. హోటల్లో పార్టీ బదులు ఏదైనా అనాథాశ్రమానికి వెళ్దాం అనుకుంటారు. మంచి ఆలోచనే. కేకు, బిర్యానీ, నోట్‌పుస్తకాలు కారులో పెట్టుకొని వెళ్తారు. అక్కడి పిల్లలు వరసగా కూర్చుని, ఆ ఉదయం దాకా పేరు కూడా తెలియని పాపకు చప్పట్లు కొడుతూ పుట్టినరోజు పాట పాడతారు. నాలుగు ఫోటోలు దిగాక అందరూ తిరిగొస్తారు. ఎందుకు వెళ్లారంటే చాలామంది చెప్పేది ఒకటే: “మన పిల్లలకు విలువలు తెలియాలి కదండీ. తమకెంత ఉందో చూసి తెలుసుకోవాలి.”

నాకు ఇబ్బంది అనిపించేది ఈ జవాబే. ఒకరి పిల్లల లేమి మన పిల్లలకు పాఠ్యపుస్తకం కావచ్చా?

మనిషిని ఎప్పుడూ కేవలం సాధనంగా వాడుకోకూడదని, లక్ష్యంగా కూడా చూడాలని కాంట్ 1785లో రాశాడు. ఆ మాటలో అసలు బరువంతా ‘కేవలం’ మీద ఉంది. సాయం చేస్తే మనకూ ఏదో దక్కడంలో తప్పులేదు. పంతులుగారికి జీతం దక్కుతుంది, డాక్టరుకు అనుభవం దక్కుతుంది, మన పాపకు విలువలు దక్కితే మంచిదే. కానీ పుట్టినరోజు సందర్శనలో అవతలి పిల్లవాడికి దక్కింది ఏమిటని అడిగి చూడండి. ఒక పూట భోజనం దక్కింది. అది దక్కడానికి వాడు పాడాల్సి వచ్చింది. రేపు ఎవరొస్తారో వాడికి తెలియదు, మొన్న వచ్చినవాళ్లు మళ్లీ ఎందుకు రాలేదని అడిగే వీలూ లేదు. తేదీ మనది, వంటకం మనం ఎంచుకున్నది, పాఠం మన పాపది.

ఇదేదో నా ఒక్కడి చాదస్తం కాదు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపడేలా వివరాలు, ఫోటోలు ప్రచురించడాన్ని మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. అనాథాశ్రమాల్లో వాలంటీరు కార్యక్రమాల వల్ల, పర్యాటకంలో భాగంగా సాగేవాటితో సహా, పిల్లలకు జరిగే హానిని అరికట్టాలని 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ తన తీర్మానంలో దేశాలను కోరింది. వచ్చి, ముద్దుచేసి, వెళ్లిపోయే కొత్త ముఖాల వరస చిన్నపిల్లలకు మేలు చేయదన్నది ఇందులో ఒక భాగమైతే, సందర్శకుల డబ్బు కోసం పిల్లల్ని ఆశ్రమాల్లో పోగుచేసే వ్యాపారం ఇంకో భాగం.

అలాగని వారాల కాలాన్ని బంగారు కాలం అనలేం. ఆ ఏడు ఇళ్లకూ ఒక కంచె ఉండేది, కులం. వారాలు దొరికిన పిల్లలు ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలు, పెట్టిన ఇళ్లూ ఎక్కువగా వాళ్లవే. దళిత పిల్లవాడికి ఏ వారమూ లేదు. అందుకే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందూ పిల్లలకోసం బడులే పెట్టాల్సి వచ్చింది. 1918లో వచ్చిన రెడ్డి హాస్టలు, ఆ తర్వాత మరికొన్ని కులాల హాస్టళ్లు కూడా ఇలాంటి అవసరం లోంచి పుట్టినవే. పల్లెనుంచి వచ్చిన పిల్లవాడికి పట్నంలో ఎవరి గడప తెరుచుకుంటుందో వాడి కులం నిర్ణయించేది కాబట్టి ఎవరి గడప వాళ్లే కట్టుకున్నారు.

కంచె దాటినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడుపుతూ పెంచిన టంగుటూరి ప్రకాశాన్ని చేరదీసి, తనతోపాటు రాజమండ్రి తీసుకెళ్లి చదువుకు దారి చూపించింది ఆయన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. కులం వేరు, రక్తసంబంధం లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషి కథలో ఆ గురువుగారి ఇల్లు ఒక ముఖ్యమైన అధ్యాయం. కానీ ఇలాంటివి మనం పేర్లు పెట్టి గుర్తుంచుకుంటున్నామంటేనే అవి ఎంత అరుదో తెలుస్తోంది.

వారాల్లో ఇంకో లోటు కూడా ఉంది. పుణ్యం ఇంటి యజమానిది, వంట ఇల్లాలిది. బుధవారం ఇంకో పిల్లవాడికి వండాలా వద్దా అని ఆమెను ఎవరైనా అడిగారో లేదో ఆత్మకథలు చెప్పవు. ‘కుటుంబమంతా కలిసి సేవ’ అనే మాట విన్నప్పుడల్లా ఆ కుటుంబంలో చాకిరీ ఎవరిదని అడగాలనిపించేది అందుకే.

ఇంతకీ ఇప్పుడు వారాలతో పనేమిటి? పూర్వం ఇళ్లు చేసిన పని ఇప్పుడు చాలావరకు ప్రభుత్వం చేస్తోంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత, 2003 నుంచి మన బడుల్లో మధ్యాహ్న భోజనం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం చదువును హక్కు చేసింది. గురుకులాలు వచ్చాయి. మా నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఏ ఒక్క కుటుంబం దయా చేయలేని పని అది. అన్నం దగ్గర, బడి దగ్గర దయకంటే హక్కు మెరుగన్న విషయంలో నాకు సందేహం లేదు.

అయితే హక్కు సాయంత్రం గంట కొట్టగానే ఇంటికి పంపించేస్తుంది. ఆ తర్వాత సంగతి ఏమిటి?

నేనుండేది ఆర్మూర్‌లో. 2020లో ఇంటి నుంచి పని మొదలయ్యాక హైదరాబాద్ వదిలి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. సిద్ధుల గుట్ట, అంకాపూర్ కోడికూర, పసుపు, ఇవి బయటివాళ్లకు తెలిసిన ఆర్మూర్. మా వాడలో తెలిసే ఆర్మూర్ ఇంకోటి ఉంది. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంటుంది. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క కాబట్టి చేతులు ఆగితే కూలి ఆగుతుంది. బీడీల తయారీలో పిల్లల్ని పెట్టకూడదని 1986 నాటి బాలకార్మిక చట్టం జాబితాలోనే ఉంది. కానీ బడి నుంచి వచ్చిన పిల్ల తల్లి పక్కన కూర్చుని కొసలు ముడుస్తుంటే దాన్ని పని అని ఎవరూ అనరు, ‘అమ్మకు ఆసర’ అంటారు. ఆ పిల్ల ఎక్కాలు అప్పజెప్తే వినడానికి ఆ ఇంట్లో ఖాళీగా ఉన్న పెద్దమనిషి లేదు. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో సగంకంటే తక్కువమందే రెండో తరగతి పాఠం చదవగలుగుతున్నారు. ఆ అంకెకు కారణాలు చాలా ఉండొచ్చు. సాయంత్రంపూట పక్కన కూర్చునే మనిషి లేకపోవడం వాటిలో ఒకటని మా వాడ చూస్తే అనిపిస్తుంది.

మేం చేస్తున్నది చిన్న పని. వారానికి రెండు సాయంత్రాలు, మంగళవారం, శుక్రవారం, ఆరు నుంచి ఏడున్నర దాకా మా వరండాలో దీపం వెలుగుతుంది. నలుగురు పిల్లలు వస్తారు, ఒక్కోసారి ఆరుగురు. నేను లెక్కలు, నా భార్య తెలుగు చదివించడం. ఆ రెండు రోజులూ వంట నాది. ఇది మొదట్లోనే మాట్లాడుకున్నాం. మొదలైన రెండో వారమో మూడో వారమో ఒక అమ్మాయి వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, “సార్, అచ్చే శుక్రారం గుడ ఉంటరా?” అని అడిగింది. ఉంటామన్నాను. ఆ ప్రశ్నలో నాకు కృతజ్ఞత వినిపించలేదు, వినిపించనందుకు సంతోషించాను. ఆ పిల్ల మమ్మల్ని తన వారం లెక్కలో వేసుకుంటోంది. ఇకమీద మేం లేకపోతే “ఎందుకు లేరు?” అని అడగగలదు. పుట్టినరోజు పాట పాడిన పిల్లవాడికి లేనిది, వారాలబ్బాయికి ఉన్నది ఆ ప్రశ్న అడిగే హక్కే.

నా తోటి ఇంజనీరు ఒకరు దీన్ని వేరే లెక్కలో చూశారు. “నీ గంట జీతంతో డిగ్రీ చదివిన ఒకరిని పెట్టి వారమంతా చెప్పించొచ్చు. నువ్వు కూర్చోవడం నీ తృప్తికి.” పీటర్ సింగర్ 1972లో రాసిన ప్రసిద్ధ వ్యాసం నుంచి నేరుగా తీసుకోగల వాదన ఇది. దగ్గర, దూరం అన్న తేడా నైతికంగా లెక్కలోకి రాదని, మన డబ్బు ఎక్కడ ఎక్కువ మేలు చేస్తే అక్కడికి పోవాలని ఆయన వాదం. డబ్బు విషయంలో నేను ఒప్పుకుంటాను. ఇవ్వగలిగిన డబ్బు తప్పకుండా అలా ఇవ్వాలి. కానీ డబ్బు ఇచ్చేశాక కూడా ఆ పిల్ల మా వాడలోనే ఉంటుంది, రోజూ మా గేటు ముందునుంచే నడుస్తుంది. పక్కింటి పిల్లకు ఏం తెలుసు, ఏ కాయితం కావాలి అన్నది దూరం నుంచి కనపడదు. అయిదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్షకు దరఖాస్తు గడువు ఎప్పుడో, కులం సర్టిఫికెట్‌కు మీసేవలో ఏం అడుగుతారో చెప్పేవాళ్లు లేక ఆగిపోయే చదువులు ఉన్నాయి. పేద తల్లిదండ్రులకు పిల్లల్ని చదివించాలనే ఉంటుంది, బడి అనే యంత్రాంగంతో వ్యవహరించడంలో వాళ్లకు తోడు కావాలి అన్న అవగాహన మీదే శాంతా సిన్హా, ఎంవీ ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనిచేశారు. మా వరండాలో జరిగే లెక్కల పాఠాలకంటే మేం నింపిపెట్టిన రెండు దరఖాస్తులే ఎక్కువ పనికొచ్చి ఉండొచ్చు.

ఇక మా అమ్మాయి సంగతి. తనకు తొమ్మిదేళ్లు. ‘స్వచ్ఛంద సేవ’ అంటాం. స్వచ్ఛందం అంటే తన ఇష్టం ప్రకారం. తొమ్మిదేళ్ల పిల్లను తెచ్చి కూర్చోబెట్టి “మనం సేవ చేస్తున్నాం” అంటే అందులో తన ఇష్టం ఎక్కడుంది? ఈ పనికి మా ఇంట్లో నిజంగా ఖర్చు పెడుతున్నది తను. తన బల్ల ఆ రెండు రోజులు తనది కాదు. తన తండ్రి కూడా కాదు. ఒకరోజు మొహం మీదే అడిగింది, “వాళ్లకు చెప్పినంత సేపు నాకెందుకు చెప్పవు?” అని. న్యాయమైన ప్రశ్న. దానికి విలువల గురించి ఉపన్యాసం జవాబు కాదు. బుధవారం సాయంత్రం తనది అని రాసుకున్నాం. అది కూడా వారమే. ఆ రోజు నేను లేకపోతే అడిగే హక్కు తనకూ ఉంది.

వరండాలో కూర్చోమని తనను ఎప్పుడూ పిలవలేదు. కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు లోపల బొమ్మలు వేసుకుంటుంది. వచ్చినప్పుడు నేర్పేదేమీ ఉండదు. ఆ అమ్మాయితో అచ్చనగాయలు ఆడి ఓడిపోతుంది. ఓడిపోయి అలుగుతుంది. ఒక పిల్ల ఇంకో పిల్లతో అలిగిందంటే వాళ్ల మధ్య ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు అన్న గీత ఆ కాసేపైనా చెరిగిందని నా నమ్మకం. తనకు ఏ విలువలు వచ్చాయో నేను కొలవను. కొలిచిన మరుక్షణం ఆ నలుగురూ మళ్లీ పాఠ్యపుస్తకం అయిపోతారు.

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే కుటుంబాలకు నేను చెప్పగలిగింది తక్కువ. ఎంత చేయగలరో అంతకంటే కాస్త తక్కువకే మాట ఇవ్వండి. ఇంట్లో పని ఎవరిమీద పడుతుందో ముందే తేల్చుకోండి. తలుపులు తెరిచి ఉంచండి, పిల్లల తల్లులు ఎప్పుడైనా వచ్చి కూర్చోగలిగేలా. ఫోన్లు లోపల పెట్టండి. మంచినీళ్ల గ్లాసులు అందరికీ ఒకే రకంవి, ఒకే చోట ఉండనివ్వండి. ఆ పాత కంచె ఎప్పుడైనా ముందు గ్లాసు దగ్గరే మొదలవుతుంది.

జనవరి వచ్చిందంటే ఇక్కడ పసుపు తవ్వకాలు మొదలవుతాయి. తవ్వడం, కొమ్ము, మండ వేరుచేయడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, మార్చి దాకా ఊరంతా అదే పని. తల్లులు చేలకు కూలికి పోతారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతారు, కొందరు చేలకే పోతారు. సరిగ్గా పరీక్షలు దగ్గరపడే రోజులు. మా దగ్గరికి ఇద్దరే వస్తారు, ఒక్కోసారి ఎవరూ రారు. ఎందుకు రాలేదని నేను పిల్లల్ని నిలదీయను. రాకపోయే వీలు వాళ్లకుంది, మాకు లేదు. వారాలబ్బాయి ఊరికి పోయిన బుధవారం కూడా ఆ ఇంట్లో ఒక ముద్ద ఎక్కువే వండేవాళ్లేమో అనుకుంటాను. మేం ఆరింటికి దీపం వేసి కూర్చుంటాం. ఏడున్నర దాకా.