మూసిన తలుపు వెనుక నిప్పు

నిప్పుకు కట్టె ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరమన్న సత్యం, అగ్నిమాపక సిబ్బంది వాడే కొన్ని ముఖ్యమైన మాటలకు మూలం. మూకుడులో కాగుతున్న నూనె అంటుకున్నప్పుడు పొయ్యి ఆపి మూత పెడితే మంట అణగిపోతుంది. కానీ నూనె చల్లారకముందే మూత తీస్తే, గాలి తగిలి మంట మళ్లీ లేవవచ్చు.

మూసి ఉన్న గదిలో ఈ ప్రమాదం మరింత పెద్దది. లోపలి ప్రాణవాయువు తరిగి మంట మందగించినా, కాలకుండా మిగిలిన వేడి వాయువులు గదినిండా ఉంటాయి. అప్పుడు తలుపు తెరిస్తే గాలి లోపలికి దూసుకుపోయి, ఆ వాయువులు పేలుడులా భగ్గుమంటాయి. దీనినే బ్యాక్‌డ్రాఫ్ట్ అంటారు. ఫ్లాష్‌ఓవర్ వేరు: పైకప్పు కింద పేరుకున్న పొగ వేడికి గదిలోని వస్తువులన్నీ దాదాపు ఒకేసారి అంటుకోవడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. మంట ఆరాక గోడల సందుల్లో, పరుపుల్లో దాగిన నిప్పును వెతికి ఆర్పే పని ఓవర్‌హాల్.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలినప్పుడు, మంటలతో పోరాడుతూ అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బంది స్మృతికి దేశం ఏటా ఆ రోజున నివాళి అర్పిస్తుంది. వారి వృత్తి నేర్పే పాఠం ప్రతి ఇంటికీ అవసరం: నిప్పుకు గాలి అందనివ్వకూడదు. బయటికి వచ్చేవారు వెనుక తలుపు మూసి రావాలి; వేడెక్కిన తలుపును తెరవకుండా, సురక్షితమైన చోటుకు చేరి 101కు ఫోన్ చేయాలి.