ప్రతినిధి లేని ప్రాణం: అడవికోడి, ఇనుపకొండ, అహింసా విచారం

హింస చంపిన చేతికి మాత్రమే అంటుతుందా, లేక ఆ చంపడం వల్ల కలిగిన ఫలాన్ని అనుభవించే వారందరికీ అందులో పాలు ఉంటుందా అన్నది భారతీయ ధర్మచింతనలో చాలా పాత ప్రశ్న. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో భాగంగా పెరిగిన రిసాలిలో ఈ ప్రశ్న గ్రంథాలకే పరిమితమైన చర్చ కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల ఏర్పడి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న అక్కడి కర్మాగారం ఎన్నో రాష్ట్రాల వారికి, వారితో పాటు తెలుగు ప్రాంతాల నుంచి తరలివెళ్లిన ఎన్నో కుటుంబాలకు, తరతరాలుగా అన్నం పెట్టింది. ఆ అన్నానికి మూలమైన ఇనుపరాయి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజహరా కొండల నుంచి వస్తుంది. అక్కడి నిల్వలు తరిగిపోతున్నందున ఇంకా దక్షిణాన, బస్తర్ సీమలో ఉన్న రావ్‌ఘాట్ కొండలపై దృష్టి పడింది, దల్లీ రాజహరా నుంచి అక్కడికి సుమారు 95 కిలోమీటర్ల రైలు మార్గాన్ని తలపెట్టారు. ఈ సీమ కొండల్లో ఉన్నది రాయి ఒక్కటే కాదు. సాల వృక్షాలు, వెదురు పొదలు, వాటి నీడలో నేలను కాళ్లతో గీరి బతికే అడవికోడి కూడా ఉన్నాయి.

అడవికోడి, నెమలి, జిట్టకోడి, కౌజుపిట్ట, హిమాలయాల్లోని ఫెసెంట్లు అన్నీ ఫేసియానిడే అనే ఒకే కుటుంబానికి చెందిన పక్షులు. ఎక్కువ దూరం ఎగరలేక నేల మీదనే మేత వెతుక్కోవడం, నేల మీదనే గుడ్లు పెట్టడం వీటిలో చాలావాటి స్వభావం కాబట్టి, చెట్లు నిలిచి ఉన్నా కింది పొద పోతే వీటి బతుకు పోతుంది. హిమాచల్ ప్రదేశ్ రాష్ట్ర పక్షి అయిన పశ్చిమ ట్రాగోపాన్‌ను అక్కడి కొండవాసులు జుజురాణా, అంటే పక్షిరాజు, అని పిలుస్తారు. పశువుల మేత వల్లా, గుడ్లు పొదిగే కాలంలోనే మూలికలకూ పుట్టగొడుగులకూ జనం అడవిలో తిరగడం వల్లా అది అరుదైపోయింది. అదే కుటుంబానికి చెందిన హిమాలయ క్వెయిల్ 1876 తర్వాత రూఢిగా ఎవరి కంటా పడలేదు. మధ్య భారతపు ఎర్ర అడవికోడికి ఆ గతి పట్టలేదు. సాల అరణ్యం ఉన్న మేరకు అది విస్తరించి ఉండగా, దక్షిణానికి వచ్చేకొద్దీ, సుమారుగా గోదావరి పరిసరాల నుంచి, దాని స్థానంలో భారతదేశంలో తప్ప మరెక్కడా కనిపించని బూడిదరంగు అడవికోడి కనిపిస్తుంది. ప్రపంచమంతా పెంచుకునే కోళ్లకు ప్రధాన మూలపురుషుడు ఎర్ర అడవికోడి అయితే, వాటి చర్మానికి పసుపు వన్నె ఇచ్చిన జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. మానవజాతిని ఇంతగా పోషించిన మరో పక్షి వంశం లేదు.

ఈ కుటుంబాన్ని భారతీయ సంప్రదాయాలు ఎన్నడూ అల్పంగా చూడలేదు. సుబ్రహ్మణ్యస్వామికి వాహనం నెమలి, ధ్వజం మీది గుర్తు కోడిపుంజు. తెలుగునాట అత్యధికంగా అధ్యయనంలో ఉన్న కృష్ణ యజుర్వేదపు తైత్తిరీయ శాఖ, యాజ్ఞవల్క్యుడు విడిచిన వేదాన్ని తోటి శిష్యులు తిత్తిరి పక్షుల, అంటే కౌజుపిట్టల, రూపం ధరించి గ్రహించగా ఏర్పడిందని విష్ణుపురాణం చెబుతుంది. బౌద్ధుల తిత్తిర జాతకంలో ఏనుగు, కోతి, తిత్తిరి పక్షి తమలో పెద్ద ఎవరని విచారించుకున్నప్పుడు, అవి నివసించే మర్రి తాను తిని వేసిన గింజ నుంచి మొలిచిందని తిత్తిరి చెబుతుంది. మిగిలిన రెండూ ఆ చిన్న ప్రాణిని జ్యేష్ఠునిగా అంగీకరించి నమస్కరిస్తాయి. అడవిలో పక్షి ఉండటమే కాదు, పక్షి వల్ల అడవి ఉంటుందన్న ఎరుక, కాబట్టి గౌరవం దేహ పరిమాణానికి గాక ఆ ఉపకారానికి చెల్లించాలన్న నీతి, ఈ కథలో ఉన్నాయి.

అయితే గుడిలోని చిహ్నాన్ని పూజించే సమాజమే ఆ చిహ్నానికి మూలమైన జీవి గూటిని కోల్పోతున్నప్పుడు ఆ పూజకు అర్థం ఏమిటి? నేను చంపలేదు, చంపమనలేదు అన్నది ఇక్కడ తోచే మొదటి సమాధానం. పతంజలి యోగసూత్రాలు ఈ సమాధానాన్ని ముందే ఊహించి తోసిపుచ్చాయి. రెండవ పాదంలో హింసను కృతం, కారితం, అనుమోదితం అని మూడుగా విభజించారు: స్వయంగా చేసినది, ఇతరుల చేత చేయించినది, జరుగుతుండగా సమ్మతించినది. మనుస్మృతి ఐదవ అధ్యాయం మాంసం విషయంలో ఇంకా ముందుకు వెళ్లి, సమ్మతించినవాడు మొదలుకొని కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు వరకు అందరినీ ఘాతకులలోనే లెక్కించింది. ఈ సూత్రాన్ని ఇనుముకు అన్వయిస్తే, కొండను తవ్విన కార్మికుడు ఒక్కడే కర్త కాడు; ఆ ఉక్కుతో ఇల్లు కట్టుకున్నవాడు, దాని మీద జీతం అందుకున్నవాడు, ఆ పట్టాల మీద ప్రయాణించినవాడు, అంటే దేశంలోని ప్రతి పౌరుడూ, ఆ వరుసలో ఎక్కడో ఒకచోట నిలుస్తాడు. రిసాలి నివాసి మిగిలినవారికంటే ఎక్కువ దోషి అని దీని అర్థం కాదు. కొండకూ కొలిమికీ మధ్య ఉన్న సంబంధం అతనికి మరింత దగ్గరగా కనిపిస్తుందని మాత్రమే దీని అర్థం.

మరి బతకడమే దోషమా? ధర్మశాస్త్రం అలా అనలేదు. గృహస్థుని ఇంట్లో పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీటికుండ అనే ఐదు చోట్ల అతనికి తెలియకుండానే ప్రాణులు చనిపోతాయని గుర్తించి, వాటికి పంచసూనలు అని పేరు పెట్టి, గృహస్థాశ్రమాన్ని వదలమని చెప్పకుండా పంచ మహాయజ్ఞాలను ప్రాయశ్చిత్తంగా విధించింది. వాటిలో ఒకటైన భూతయజ్ఞం సకల ప్రాణులకూ తన అన్నంలో భాగం పెట్టడం. ఊరంత పొయ్యి అయిన బ్లాస్ట్ ఫర్నేస్‌కూ ఈ విధి వర్తిస్తుందని అంగీకరిస్తే, పారిశ్రామిక సమాజం చేయవలసిన భూతయజ్ఞం ఏమిటన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది.

నేటి చట్టం దీనికి ఇచ్చిన జవాబు ప్రత్యామ్నాయ అటవీకరణ: గనికి అడవిని మళ్లించినవారు వేరేచోట చెట్లు నాటడానికి డబ్బు చెల్లించాలి, పోయిన అడవి విలువను లెక్కగట్టి దానినీ చెల్లించాలి, ఈ సొమ్ము నిర్వహణకు 2016లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఏమీ చేయకపోవడం కంటే ఇది మేలే. కానీ ఒకదాని బదులు మరొకటి చెల్లుతుందా అన్నది వైదిక యాగవిధులను విచారించే మీమాంసకులు ఎంతో లోతుగా చర్చించిన విషయం. విధించిన ద్రవ్యం దొరకనప్పుడు దానికి బదులుగా వాడే ద్రవ్యాన్ని వారు ప్రతినిధి అన్నారు. వరిధాన్యం లేకుంటే నివ్వరి ధాన్యంతో యాగం చేయవచ్చు. అయితే వారి మూలగ్రంథమైన జైమిని సూత్రాల ఆరవ అధ్యాయపు విచారణ ప్రకారం దేవతకు, అగ్నికి, మంత్రానికి, కర్మకు ప్రతినిధి లేదు. వాటిని మారిస్తే యాగమే మారిపోతుంది. అడవిని కలప నిల్వగా చూస్తే అది ద్రవ్యం, దాని బదులు టేకు తోటనో నీలగిరి తోటనో చూపవచ్చు. వరుసలుగా నాటిన ఆ తోటలో కింది పొద ఉండదు, రాలిన ఆకుల కింది పురుగూ వెదురు గింజా ఉండవు, గుడ్లు దాచే చోటు ఉండదు. అడవికోడి దృష్టిలో అది అడవి కాదు. ఆ పక్షికి అడవి యాగద్రవ్యం వంటిది కాదు, యాగాన్ని యాగంగా నిలిపే అగ్ని వంటిది.

పక్షికే ప్రతినిధిని సృష్టించలేమా అన్న ఆలోచన కూడా ఉంది. హిమాచల్‌లోని సరాహన్‌లో పశ్చిమ ట్రాగోపాన్‌ను పంజరాల్లో పెంచి గుడ్లు పొదిగించగలిగారు, అది గొప్ప శ్రమ. పాకిస్తాన్‌లోని మర్గల్లా కొండల్లో చీర్ ఫెసెంట్‌ను తిరిగి స్థిరపరచడానికి 1970ల చివరి నుంచి చేసిన ప్రయత్నాలు మాత్రం విఫలమయ్యాయి, ఎందుకంటే పక్షిని పెంచడం వేరు, అది తనంతట తాను బతికే చోటును నిలపడం వేరు. ఎర్ర అడవికోడి విషయంలో ఇంకొక చిక్కు ఉంది: అడవి అంచులు పలచబడి పల్లెలు దగ్గరయ్యేకొద్దీ అది పెంపుడు కోళ్లతో కలిసిపోయి, పక్షుల సంఖ్య తగ్గకుండానే అసలు అడవి వంశం కరిగిపోతుంది. అరుదైన తర్వాతే కాపాడాలన్న నియమం ఇక్కడ పనికిరాదు. కంటికి కనిపిస్తున్నప్పుడే పోతున్న దానిని కాపాడటం లెక్కలకు అందని బాధ్యత.

కొండ దేవతే అయినప్పుడు ప్రతినిధి ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. ఒడిశాలోని నియమగిరిని అక్కడి డోంగ్రియా కోంధులు నియమరాజుగా కొలుస్తారు. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకం వారి మతహక్కులకు భంగమా కాదా అన్నది గ్రామసభలే పరిశీలించాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెప్పగా, ఆ ఏడాదే 12 గ్రామసభలు తవ్వకాన్ని తిరస్కరించాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఆధారంగా వెలువడిన ఆ నిర్ణయం ఒక తాత్విక సత్యాన్ని న్యాయభాషలో గుర్తించింది: దేవతకు బదులు డబ్బు చెల్లదు. ఆ కొండను దేవతగా కొలవని వారికి కూడా ఈ సత్యం పనికివస్తుంది, ఎందుకంటే ఆ ప్రజలు దేవతలో చూసినది, తిత్తిర జాతకం జ్యేష్ఠునిలో చూసినది, పోతే తిరిగి చేయలేనిదానిని ముందుగానే గౌరవించే వివేకమే.

దీనికి ఎదురుగా లోకసంగ్రహం, అంటే లోకం నిలిచి సాగడానికి చేసే కర్మ, అన్న గీతాభావాన్ని చూపవచ్చు. ఉక్కు లేకుండా ఆసుపత్రి లేదు, వంతెన లేదు, పేదవాని ఇంటికి కప్పు లేదు. ఈ వాదం నిజం, దానిని తేలిక చేయడం అన్యాయం. కానీ లోకసంగ్రహంలోని లోకం మనుషులతోనే ముగిసిపోదు, భూతయజ్ఞాన్ని విధించిన సంప్రదాయం అలా ముగించనూ లేదు. కాబట్టి ధర్మం కోరేది కొలిమిని ఆర్పడం కాదు, దాని ఆకలికి హద్దు పెట్టడం: పాత ఇనుమును కరిగించి వాడుకోగలిగినంత వాడుకున్న తర్వాతనే కొత్త కొండ వైపు చూడటం, చూసినప్పుడు కూడా దట్టమైన సాల అరణ్యాన్ని తెగని పట్టీలుగా మిగల్చడం, ఆ కొండ నీడలో బతికే గోండు గ్రామాల సమ్మతిని సంతకాల తతంగంగా గాక నిజమైన అనుమతిగా పాటించడం.

ప్రతినిధి లేనివాటి జాబితాలో మీమాంసకులు మరొకరిని కూడా చేర్చారు, అది యజమాని, అంటే యాగఫలం ఎవరికి చెందుతుందో ఆ వ్యక్తి. ద్రవ్యాన్ని మరొకటి తీర్చవచ్చు, కర్మను రుత్విక్కులు నడపవచ్చు, యజమాని స్థానంలో మాత్రం వేరొకరు నిలవలేరు. ఉక్కు ఫలాన్ని అనుభవించే సమాజం కూడా ఇదే స్థితిలో ఉంది: చట్టానికి, అటవీ శాఖకు, నిధిలో చేరిన సొమ్ముకు పనులు అప్పగించవచ్చు గాని, ఏ కొండను తాకకుండా వదలాలో నిర్ణయించే సంకల్పాన్ని అప్పగించజాలదు, ఎందుకంటే ఫలం తనదైనప్పుడు సంకల్పమూ తనదే కావాలి.