ముద్ర విప్పని బొమ్మపెట్టె

డెన్మార్కులోని బిల్లుండ్ అను ఊరిలో 1932లో ఒక వడ్రంగి కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. ఆ సంస్థయే 1958లో ఒకదానిలో నొకటి బిగియు ప్లాస్టిక్ ఇటుకకు పేటెంటు కోరెను. లెగో అను పేరు 'బాగుగా ఆడుకొనుము' అను డేనిష్ మాటలనుండి వచ్చినది. అట్టి పెట్టెలను నేడు కొందరు దాచుటకే కొనుచున్నారు. 1987 మొదలు 2015 వరకు ధరలను పరిశీలించిన మాస్కో పరిశోధకులు సగటున ఏటికి 11 శాతమునకు తగ్గని లాభము కనుగొనిరి. నష్టము తెచ్చిన పెట్టెలును కలవు.

ఇందు తప్పేమి? ధాన్యము దాచువాడు పొరుగువాని ఆకలిని అమ్ముకొనును. బొమ్మ దాచినందున ఎవడును పస్తుండడు. గాజువాకలో ఒక కార్మికుడు బంగారమువలె పెట్టెను కొని బీరువాలో పెట్టినచో నేనతనిని నిందింపను. (మన సముద్రపు తేమకు అట్ట నిలుచునా యనునది వేరు సంగతి.)

అయితే, చదువరీ, అదే పెట్టెను కుమారుని పుట్టినరోజున చేతికిచ్చి, "విప్పకురా, నీ కాలేజీ ఫీజుకు పనికివచ్చును" అనినచో? పొదుపైనచో తండ్రి తనయొద్దనే యుంచుకొని ఆ మాట చెప్పవలెను. బహుమానమైనచో అది ఇక ఆయనది కాదు. విరుగగొట్టు హక్కును బిడ్డదే. రెండును ఒకటే యని నమ్మించుటలో మోసమున్నది. పైగా విప్పని పెట్టెకు ఆ వెల వచ్చినది, తక్కిన పిల్లలు తమ పెట్టెలు విప్పి ముక్కలు పోగొట్టుకొనినందుననే గదా.

వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెనపై త్రిప్పుచు, ఒరపిడి వేడికి లక్క పట్టించి బొమ్మలు చేయుదురు. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ లక్కపిడతలను అద్దాల బీరువాలో నిలిపి పిల్లను ముట్టవద్దనువారు మనలోను కలరు. వారిని పెట్టెలు దాచువారికంటె మిన్నగా ఎంచుటకు నాకు కారణము కనబడదు. పెట్టెలవారికి లాభమైనను మిగులును.