ఎండకి అద్దె ఎంత?

మా చెన్నూరులో ఎండని మెచ్చుకున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మార్చి దాటిందంటే పొద్దున తొమ్మిదింటికి తలుపులు మూసుకోవడం, సాయంత్రం అయిదింటికి తీసుకోవడం. గోదావరి పక్కనే ఉందన్న మాటేగాని ఆ చల్లదనం మాకు దక్కేది అంతంతమాత్రమే. అలాంటిది, ఈమధ్య మంచిర్యాల నుంచి వచ్చిన ఓ కుర్రాడు మా డాబా ఎక్కి, నాలుగువైపులా చూసి, "అమ్మా, మీ ఇంటిమీద బంగారం పడుతున్నది. మీరేమో వడియాలు పెట్టుకుంటున్నరు" అన్నాడు.

నా వడియాలని ఎవరైనా చిన్నచూపు చూస్తే నాకు కోపం. కాని ఆ కుర్రాడు చెప్పింది వింటే కోపం చల్లారిపోయింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సోలార్ ప్లేట్లు పెట్టించుకుంటే కేంద్ర ప్రభుత్వం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుందట. దేశంలో కోటి ఇళ్ళమీద ఇలా పెట్టించాలని లక్ష్యమట. ఎండ బాగా కాస్తే రోజుకి పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. మనం వాడగా మిగిలింది మీటరులోంచి బయటికి పోతుంది, చాలనప్పుడు బయటినుంచి లోపలికి వస్తుంది. పక్కింటికి అప్పిచ్చి పుచ్చుకునే కాఫీపొడిలాగా అన్నమాట.

మా వారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఇంట్లో లెక్క దొరక్క అల్లాడిపోతున్న మనిషికి ఇంతకన్నా పండగ ఏముంటుంది? ఆ రోజంతా కాగితం, పెన్సిలు. రాత్రికి, "అయిదారేండ్లల్ల పెట్టుబడి తిరిగొస్తది. ఆ తర్వాత కరెంటు ఊరికెనే" అని తేల్చేశారు.

మర్నాడు నేను డాబామీద ఉండగా వెనక వాటా అమ్మాయి ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చింది. మిషను కుట్టుకుంటుంది. భర్త మేస్త్రీ పనికి పోతాడు. కూతురు పదో తరగతి. మా ఇంట్లో చేరి అయిదేళ్ళయింది.

"అక్కా, ప్లేట్లు పెడితే మరి బట్టలెక్కడ ఆరేసుకోవాలె?" అంది.

"చూద్దాంలే" అన్నాను.

"ఆ కరెంటు మాక్కూడ వస్తదా అక్కా?"

"ఎందుకు రాదు? అందరికీ ఒకటే వైరు గదా!"

ఆమె మొహం విప్పారింది. "మరి మాకు యూనిట్‌కు ఎంత పడ్తది?" అంది.

చూశారా, ఎంత చిన్న ప్రశ్నో! నేను మాత్రం చేతిలో ఉన్న చాటని అటూ ఇటూ తిప్పి, "మీ సారునడిగి చెప్తా" అని కిందికి దిగిపోయాను. ఆడవాళ్ళం జవాబు లేనప్పుడు మొగుణ్ణి అడ్డం పెట్టుకోవడం మనకి అలవాటే కదా.

సంగతేమిటంటే, రెండు వాటాలకీ మీటరు ఒకటే. వాళ్ళ వాటాకి లోపల చిన్న సబ్ మీటరు పెట్టించాం. అందులో పడ్డ యూనిట్లకి తొమ్మిది రూపాయల చొప్పున మాకు ఇస్తారు. తొమ్మిది ఎందుకంటే దానికీ మా వారి లెక్క ఒకటుంది. కరెంటు రేట్లు మెట్లమెట్లుగా ఉంటాయి గదా. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం నెలకి యాభై యూనిట్లలోపు వాడే ఇంటికి యూనిట్ 1 రూపాయి 95 పైసలే. అదే మూడువందలు దాటితే, దాటిన యూనిట్లకి తొమ్మిది రూపాయలు. "వాళ్ళు కలిసినందుకే మనం మూడువందలు దాటుతున్నం. కాబట్టి దాటిన రేటు వాళ్ళది" అని ఆయన వాదన. అయిదేళ్ళుగా ఇది నాకు న్యాయంగానే కనిపించింది.

ఆ రాత్రి నిద్రపట్టక ఏసీ కింద పడుకుని ఆలోచిస్తే అదేం న్యాయమో అర్థం కాలేదు. మూడువందలు దాటించింది ఆమె ఫ్యానేనని ఎవరు చెప్పారు? నా ఏసీ ఎందుకు కాకూడదు? మీటరు ఏమన్నా వరసలో నిలబెట్టి, "ముందు ఇంటావిడ, తరువాత అద్దెకున్నావిడ" అని లెక్క రాసుకుంటుందా? ఇల్లు నాది కాబట్టి చవక మెట్టు నాదయింది. అద్దెకున్నది కాబట్టి చివరి మెట్టు ఆమెదయింది. అంతే.

పొద్దున్నే ఈ మాట ఆయనతో అన్నాను. చిత్రమేమిటంటే, అంతకుముందు రోజే ఆయన టీవీ ముందు కూర్చుని ఇదే విషయం మీద ఆవేశపడ్డారు. బొగ్గు కాల్చడం తగ్గించమని పెద్ద దేశాలు మనకి చెప్తున్నాయి గదా. "రెండువందల ఏండ్లు వాళ్ళు కాల్చుకుని బాగుపడ్డరు. ఇప్పుడు ఆకాశం నిండింది, చివర్ల వచ్చినోళ్ళు తగ్గించుకోవాలెనా? ఇదేం న్యాయం?" అని వాళ్ళమీద కేకలేశారు. ఆ మాటా నిజమే. 2021లో గ్లాస్గోలో మన దేశం 2070 నాటికి వాయువుల లెక్క సున్నాకి తెస్తానని మాట ఇచ్చినప్పుడు, సంపన్న దేశాలు డబ్బుసాయం చెయ్యాలని కూడా అడిగింది. అది అడగవలసిన మాటే.

నేనేమన్నానంటే, "ప్రపంచం ముందు మనం వెనక వాటా అమ్మాయిలా మాట్లాడుతున్నాం. ఇంట్లోకొచ్చేసరికి ఇల్లుగలవాళ్ళమైపోతున్నాం."

ఆయన పేపరు తిప్పారు. సమాధానం తోచనప్పుడు ఆయన అడ్డం పెట్టుకునేది పేపరు!

కాసేపటికి, "పెట్టుబడి మనది గదా. సూర్యుడు ఊరికె ఇచ్చినా ప్లేటు ఊరికె రాదు" అన్నారు. అది కాదనలేను. డబ్బుపెట్టి చెరువు తవ్వించినవాడు నాలుగు చేపలు ఎక్కువ తీసుకుంటే తప్పు పట్టలేం. కాని ఆ పెట్టుబడిలో 78,000 మనది కాదే! అది ప్రభుత్వం సొమ్ము, అంటే అందరి సొమ్ము. వెనక వాటా అమ్మాయి కొన్న సబ్బుబిళ్ళ మీద, దారపుకండె మీద కట్టిన పన్ను కూడా అందులో ఉంది. నా డాబాకి ఆమె కూడా చందా ఇచ్చినట్టే. తనకి డాబా లేదు కాబట్టి తిరిగి తీసుకునే దారి మాత్రం లేదు.

మా బాపు మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుడు. నెత్తిమీద లైటు పెట్టుకుని భూమిలోకి దిగేవాడు. ఇరవై అయిదు కోట్ల ఏళ్ళకి పైబడిన కాలం కిందట ఈ గోదావరి లోయలో ఎండ తాగి పెరిగిన చెట్లే ఆ బొగ్గు అని బళ్ళో చెప్పారు. అంటే బాపు తవ్వింది కూడా ఎండే. ఆ ఎండ ఎక్కడెక్కడో దీపాలు వెలిగించింది. 1983లో రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ నడవడం మొదలైనప్పుడు నేను ఏడో తరగతి. ఆ పొగగొట్టం చూపించి బాపు, "మన బొగ్గేనే బిడ్డా!" అని గర్వపడ్డాడు. సెలవులకి అమ్మమ్మ ఊరు వెళ్తే అక్కడ మాత్రం గాసునూనె పోసిన ఎక్కబుడ్డే. తెల్లారి ముక్కులో వేలు పెడితే మసి. పక్క జిల్లాలో కరెంటు పుట్టింది గాని, అమ్మమ్మ గుడిసెకి వైరు లేదు.

అప్పుడు వైరు లేనివాళ్ళకి ఎండ అందలేదు. ఇప్పుడు డాబా లేనివాళ్ళకి అందకుండా పోతుందేమోనని నా బెంగ. సూర్యుడు అందరికీ సమానమే, అందులో ఆయన తప్పేం లేదు. ఆయనకీ దీపానికీ మధ్య ప్రతిసారీ ఒక గుమ్మం ఉంటోంది. గుమ్మానికి గొళ్ళెం ఉంటోంది.

దేశం పెద్ద పెద్ద లెక్కలే వేసుకుంది. 2010లో జాతీయ సౌరమిషన్ మొదలుపెట్టి 2022 నాటికి 20,000 మెగావాట్లు అనుకున్నారు. 2015లో దాన్ని లక్ష మెగావాట్లకి పెంచారు. ఆ లక్ష 2025 జనవరిలో దాటింది. కాస్త ఆలస్యమైనా చిన్న పని కాదు. మా పక్కనే రామగుండంలో, ఆ పొగగొట్టాల నీడనున్న జలాశయం మీద ఎన్టీపీసీ వాళ్ళు 100 మెగావాట్ల తేలే సోలార్ కేంద్రాన్ని 2022లో పూర్తిచేశారు. ప్లేట్లు నీళ్ళమీద తామరాకుల్లా ఉంటాయి. చూడముచ్చటే. ఎన్ని మెగావాట్లో లెక్క చెప్పేవాళ్ళు ఉన్నారు. అవి ఎవరి గుమ్మంలోకి ఎంతకి వెళ్ళాయో కూడా అంత గట్టిగా చెప్పాలి గదా!

ఇంకో చిక్కుంది. సూర్యుడు సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగిపోతాడు. మన డ్యూటీ సరిగ్గా అప్పుడే అందుకుంటుంది. అన్నం, కూర, పిల్లల చదువు, మంచినీళ్ళ మోటారు అన్నీ ఆ వేళకే. ఆ కరెంటు ఇప్పటికీ చాలావరకు బొగ్గుదే. మంచిర్యాల నుంచి మా ఊరికి వచ్చే దారిలో జైపూర్ దగ్గర సింగరేణి వాళ్ళ 1,200 మెగావాట్ల కేంద్రం ఉంది. పగలు నా డాబా ఎంత గొప్పలు పోయినా, రాత్రి నా వంటింట్లో లైటు వెలగాలంటే మా తమ్ముడిలాంటివాళ్ళు బాయి దిగాల్సిందే. బ్యాటరీలు చవకై ఊరూరా వచ్చేదాకా ఇంతే.

మేనల్లుడు ఫోను చేసి, "అత్తా, అందరూ ఎండ కరెంటు పెట్టుకుంటే డాడీ బాయి మూతపడ్తదా?" అని అడిగాడు. వాడికి అబద్ధం చెప్పలేను. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. అది యంత్రాలు, ఓపెన్‌కాస్టు గనులు చేసిన పని, సూర్యుడు చేసింది కాదు. అయినా రేపు బొగ్గు తగ్గితే, ప్లేట్లు తుడవడానికి బాయికి కావలసినంతమంది అక్కర్లేదు. "నీ చదువు ఆపకురా" అన్నాను. సలహా మంచిదే గాని, దేశానికి ఇంతకాలం వెలుగిచ్చిన మనుషులకి ఒక అత్త సలహా సరిపోతుందా? బాయి మూసే రోజుకి పదేళ్ళ ముందే అక్కడి పిల్లలకి ఇంకో పని సిద్ధం చెయ్యడం కూడా ప్రణాళికలో సగం అని నా ఉద్దేశం.

డాబా లేనివాళ్ళకి దారులే లేవని కాదు. 2024లో మన రాష్ట్రంలో మహిళా సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సోలార్ కేంద్రాలు పెట్టించాలని నిర్ణయించారు. 2025 మే నెలలో పోడు భూముల గిరిజన రైతులకి సోలార్ పంపులిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. ఈ ఆలోచన నాకు నచ్చింది. ఇంటికో డాబా లేకపోతేనేం, పదిమందికి కలిపి ఒక చోటు ఉండవచ్చు. అందులో వెనక వాటా అమ్మాయికి కూడా ఒక వాటా ఉండవచ్చు. అవి కాగితం మీంచి మా కోటపల్లి దాకా, ఆ పై ఊళ్ళ దాకా ఎంతవరకు వస్తాయన్నదాన్నిబట్టి మన న్యాయం తెలుస్తుంది.

దేశం సంగతి అలా ఉంచండి. నా గుమ్మం గొళ్ళెం మాటేమిటి?

2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్‌కార్డున్న ఇంటికి రెండువందల యూనిట్లలోపు కరెంటు ఉచితం. అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది, కాని వాళ్ళ వాటాకి వేరే మీటరుండాలి. ఆమెకి కార్డుంది. వాడేది నెలకి అరవై యూనిట్లు. లేనిదల్లా మీటరే. అప్పట్లోనే ఆమె ఒకసారి అడిగింది. "ఇప్పుడెందుకు, చూద్దాం" అన్నాను. డాబామీద బట్టల గురించి అడిగినప్పుడూ అదేమాట అన్నాను. "చూద్దాం" అన్న గొళ్ళెం చప్పుడు చెయ్యదు.

మొన్న సోమవారం అగస్త్యేశ్వరాలయానికి వెళ్ళాను. అక్కడి అఖండదీపం నాలుగువందల ఏళ్ళుగా ఆరలేదని మా ఊళ్ళో చెప్పుకుంటారు. ఎన్ని తరాలవాళ్ళు ఎన్ని చేతులతో నూనె పోసివుంటారో! ముందు పోసినవాళ్ళకి ఎక్కువ వెలుగు, తరువాత వచ్చినవాళ్ళకి తక్కువ అని ఆ దీపం అనలేదు. దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చి, "ముందు వేరే మీటరుకి అప్లికేషను పెట్టండి. ప్లేట్ల సంగతి ఆ తరువాత" అన్నాను. ఆయన ఒక నిముషం చూసి, పేపరు పక్కనపెట్టి ఆధార్‌కార్డు వెతుక్కున్నారు.

మీటరు వచ్చింది. ప్లేట్లు ఎత్తు స్టాండు మీద పెట్టమని కుర్రాడికి చెప్పాం. ఖర్చు కాస్త ఎక్కువే, కాని కింద బట్టల తీగకీ నా వడియాలకీ చోటుంటుంది. మొదటిసారి సున్నా బిల్లు వచ్చిన రోజు ఆ అమ్మాయి నా రవికె కుట్టి కూలి తీసుకోనంది. బలవంతాన ఇచ్చాను. ఆ కూలి ఇస్తుంటే నా చెయ్యి ఎందుకో సరిగా లేవలేదు.

ఎందుకంటే లెక్క ఇంకా తేలలేదు. నెలకి అరవై యూనిట్లు, తొమ్మిది రూపాయలు, అయిదువందల నలభై. ఏడాదికి 6,480. ఆ డబ్బు నేను దాచుకోలేదు, బిల్లులోనే కట్టేశాను, నిజమే. కాని ఆమె కట్టనక్కర్లేని డబ్బది. అంత మేరకి నా బిల్లు తగ్గింది. 2024 మార్చి నుంచి ఎన్ని నెలలయ్యాయో పాల లెక్క పుస్తకం వెనక రాసిపెట్టాను. మా వారికి ఇంకా చూపించలేదు. ఆయన లెక్కల మాస్టారు గదా, కూడిక చూస్తే తప్పు పట్టలేరు. దసరాకి ఆమె కూతురి కాలేజీ ఫీజు పేరుతో ఇద్దామా, ఉన్నమాట చెప్పి ఇద్దామా అన్నదే నా తర్జనభర్జన.

ఉన్నమాట చెప్పి ఇవ్వడమే సరైనదని నాకూ తెలుసు. ఇచ్చేది దానం కాదు గదా!